దక్షిణధ్రువపు నాచులు

వానకాలమున పాతగోడలపై మఖమలు పరచినట్లు పెరుగు చిన్న మొక్కను మనము నాచు అందుము. చెరువునీటిపై తేలు పచ్చని తెట్టును కూడ నాచనియే అందుము. ఈ రెండును వేరువేరు. పేరు మాత్రము ఒక్కటి. వాడుకలో దీనివలన పెద్ద చిక్కు లేదు. కాని శాస్త్రమున పేరు తప్పినచో పటము కూడ తప్పును. దక్షిణధ్రువఖండమున పెరుగు గోడనాచు వంటి మొక్కల చరిత్ర ఇందులకు నిదర్శనము.

ఆ ఖండమున సహజముగా పెరుగు పూలమొక్కలు రెండే జాతులు. మంచు కరగిన రాతినేలను పచ్చగా కప్పునవి ముఖ్యముగా ఈ నాచులే. 1843 జనవరిలో జేమ్స్ రాస్ నౌకాయాత్రకు ఉపవైద్యుడుగా వెళ్ళిన జోసెఫ్ హుకర్ కాక్‌బర్న్ ద్వీపమున దిగి కొన్నింటిని సేకరించెను. 1898లో బెల్జికా నౌకపై వెళ్ళిన రుమేనియా శాస్త్రజ్ఞుడు ఎమిల్ రాకోవిత్సా మరికొన్ని తెచ్చెను. ఫ్రాన్సు దేశీయుడు జూల్ కార్దో వానిని పరిశీలించి, అనేకములకు క్రొత్తపేర్లు పెట్టెను.

చిక్కు ఇచటనే కలిగినది. నాచును గుర్తించుటకు దాని సిద్ధబీజములుండు చిన్న కాయ ముఖ్యమైన ఆధారము. తీవ్రమైన చలిలో ఆ కాయ తరచుగా ఏర్పడదు. గాలికి, ఎండకు, తేమకు తగినట్లు ఆకురూపము కూడ మారును. అందుచే ఒకే జాతి పలుజాతులుగా తోచెను. కార్దో 'బ్రయమ్ ఆల్జెన్స్' అని పేరిడినది ఐరోపా చిత్తడినేలలలో కూడ పెరుగు 'బ్రయమ్ సూడోట్రైక్వెట్రమ్' మాత్రమే యని తరువాతివారు నిర్ణయించిరి. అంతవరకు లోకమంతట తిరిగిన మొక్క, పటముపై ధ్రువవాసిగా నిలిచినది!

పాతనమూనాలను మరల పోల్చిచూచి పోలెండు శాస్త్రజ్ఞుడు రిషార్డ్ ఓహీరా, సహచరులతో కలిసి 2008లో ఒక బృహద్గ్రంథమును వెలువరించెను. అందు 111 జాతులు వర్ణింపబడినవి; అవి పెరుగుచోట్లు పటములలో చూపబడినవి.

ఇంత శ్రమకు ఫలమేమని మన మడుగవచ్చును. ఆస్ట్రేలియావారి కేసీ స్థావరము చెంత విండ్‌మిల్ దీవులలో 2000 నుండి 2013 వరకు నాచుతివాచీలను పరిశీలించిరి. నేల తేమ తగ్గుచుండగా, ఆ ఖండమునకే ప్రత్యేకమైన 'షిస్టిడియమ్ అంటార్క్‌టిసి' క్షీణించినది. పొడినేలకు ఓర్చుకొను రెండు జాతులు, లోకమున ఇతరచోట్లను పెరుగునవి, దాని తావులోనికి వ్యాపించినవి. తెలియని కంటికి అంతయు నాచే. పేర్లు స్థిరపడియుండుటచేతనే ఏది తగ్గెనో, ఏది పెరిగెనో మనకు తెలియవచ్చినది.