మడ్డి తీస్తేనే ఇంజన్‌కి ఆయుష్షు



బావి గట్టున టక్ టక్ మని మోగే పాత ఆయిల్ ఇంజన్ మీలో చాలామంది చూసే ఉంటారు. దాని పుట్టిల్లు ఎక్కడో తెలుసా? ఇంగ్లండులో డర్స్లీ అనే చిన్న ఊరు. అక్కడ 1867లో మొదలైన లిస్టర్ కంపెనీ 1929లో ఈ రకం డీజిల్ ఇంజన్ తెచ్చింది. ఈ రకంలో 5 హార్స్‌పవర్‌ది నిమిషానికి 600 చుట్లు తిరిగేది. తర్వాత 6 హార్స్‌పవర్, 650 చుట్లది వచ్చింది. పెద్దగా మార్పు లేకుండా 1987 దాకా అక్కడ చేశారు. మన దేశంలో రాజ్‌కోట్ కార్ఖానాలు అదే నమూనా మీద ఇంజన్లు పోత పోసి అమ్మాయి.

అన్నేళ్లు ఎట్లా నిలబడింది? ఒకటి, నిదానంగా తిరుగుతది కాబట్టి అరుగుదల తక్కువ. రెండు, బరువైన పోత ఇనుము. మూడోది మన చేతిలో ఉంది. దానికి ఆయిల్ ఫిల్టర్ లేదు. కనెక్టింగ్ రాడ్ అడుగున ఉండే చిన్న గరిటెలాంటిది ఆయిల్‌ని పైకి చిమ్ముతది. మసి, ఇనుప పొడి అడుక్కి దిగి మడ్డి కడతాయి. అందుకే పక్కన తలుపు పెట్టారు. ఆయిల్ దింపి, తలుపు విప్పి, గుడ్డతో తుడవాలి. అంటే ఫిల్టర్ మనమే!

మా నాన్న ఆయిల్ మార్చిన తేదీ షెడ్డు గోడ మీద బొగ్గుతో రాసేవాడు. ఆయన పోయాక నేను తగ్గిన ఆయిల్ పోయడమే గానీ మార్చింది లేదు. వరి పొట్ట మీద ఉండగా ఇంజన్ పట్టేసింది. మేస్త్రీ విప్పితే రెండు వేళ్ల మందాన మడ్డి. బాగై వచ్చేసరికి రెండు తడులు తప్పాయి, సగం చేను తాలు పోయింది. తప్పు ఇంజన్‌ది కాదు, నాది.

ఇది పాత కథ అనుకోవద్దు. మన పవర్ వీడర్లలో ఉండే చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజన్లకు కూడా చాలావాటికి ఆయిల్ ఫిల్టర్ ఉండదు. పైగా అవి నిమిషానికి మూడు వేల చుట్లు పైనే తిరుగుతాయి, పట్టే ఆయిల్ తక్కువ. ఎన్ని గంటలకు మార్చాలో దాంతో వచ్చిన పుస్తకంలో ఉంటది, చూడండి. దుమ్ములో పనిచేస్తే ఇంకా ముందే మార్చండి. ఎయిర్ ఫిల్టర్ కూడా దులపండి.

ఖరీఫ్ పనులు మొదలు కాకముందే ఒక్కపూట కేటాయించండి. తేదీ గోడ మీద రాయండి. నేను ఇప్పటికీ బొగ్గుతోనే రాస్తున్నా.