గెలాక్సీల బ్రతుకుపై పరిసరముల ప్రభావము



పుట్టుక గొప్పదా, పరిసరము గొప్పదా యను వాదము మన రచ్చబండలకు క్రొత్తది కాదు. ఆఱు నెలలు సావాసము చేసిన వారు వీరగుదురని మనవారి సామెత. ఈ ప్రశ్ననే ఆకాశమును గూర్చి వేసికొని ఖగోళజ్ఞులు దాదాపు నూఱేండ్లుగా వెదకిన సమాధానముల చరిత్రను ఈ పూట మనవి చేసెదను.

మన పాలపుంత పదివేల కోట్లకు మించిన నక్షత్రముల సముదాయము. ఇట్టి సముదాయములను గెలాక్సీలందురు. వానిలో కొన్ని సుడిగుండము వలె చేతులు చాచుకొని యుండును. వానియందు చల్లని వాయువు సమృద్ధిగా నుండి, అదియే ముద్దకట్టి క్రొత్త నక్షత్రములగును. మఱికొన్ని గ్రుడ్డు ఆకారమున నుండును. వానిలో ఆ వాయువు మిక్కిలి తక్కువ. మిగిలినవి చాలవఱకు ముసలి నక్షత్రములే. మొదటిది నిండు చెఱువు, రెండవది ఎండిన చెఱువు అనుకొందము.

గెలాక్సీలు గుంపుగూడిన చోట ఎండినవే మెండని 1931లో హబుల్, హ్యూమసన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఇట్లేల కావలెను? ఇఱుకైన గుంపులో గెలాక్సీలు ఒకదానిలోనుండి యొకటి దూసికొనిపోవునపుడు నక్షత్రములు తాకకయే దాటునుగాని, వాయువులు ఢీకొని వెలికి పోవునని 1951లో స్పిట్జర్, బాడే చెప్పిరి.

ఈ విచారణలో తెలుగునాటికిని పాలు గలదు. నవాబు జఫర్ జంగ్ 1901లో హైదరాబాదున స్థాపించిన నిజామియా వేధశాల తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరెను. ఆ విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నుండిన సాలే మహమ్మద్ అల్లాదీన్ గారు, రెండు గెలాక్సీలు ఢీకొన్నపుడు పరస్పరాకర్షణచేత వాని లోపలి నక్షత్రముల చలనమెట్లు మాఱునో గణించి 1965లో ప్రకటించిరి.

1972లో గన్, గాట్ అనువారు వేఱొక కారణము చూపిరి. గుంపు నడుమ కోట్ల డిగ్రీల వేడిగల పలుచని వాయువు నిండియుండును. దానిలో దూఱిపోవు గెలాక్సీకి అది ఎదురుగాలి. కళ్లములో తూర్పారబట్టినపుడు పొట్టు ఎగిరి గింజ నిలిచినట్లు, వాయువు కొట్టుకొనిపోయి నక్షత్రములు మిగులును. 1980లో డ్రెస్లర్ 55 గుంపులను పరిశీలించి, ఒత్తిడి పెరిగినకొలది సుడిగెలాక్సీలు తగ్గుచున్నవని నిర్ధారించెను. ఆ యేడే లార్సన్, టిన్స్లీ, కాల్డ్‌వెల్ అనువారు, వాయువును ఊడ్చివేయ నక్కఱలేదు, వెలుపలినుండి వచ్చునది ఆగిన చాలు, ఉన్నది ఖర్చుచేసికొని గెలాక్సీ మెల్లగా వాడిపోవునని వివరించిరి.

ఈ మాట మన సీమవారికి సులభముగా తెలియును. కడప మండలములోని పోరుమామిళ్ల చెఱువు శాసనము 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించిన ఆ శాసనమున మంచి చెఱువునకు పండ్రెండు సాధనములును, ఆఱు దోషములును చెప్పబడినవి. తీయని నీటిని తెచ్చు నది ఆ సాధనములలో నొకటి.

అయితే పరిసరమే సర్వమని చెప్పరాదు. మిక్కిలి బరువైన గెలాక్సీలు ఏకాంతమున నున్నను తమంతట తామే ఎండుట కలదు. పుట్టుకయు, చోటును రెండును పనిచేయును. పుట్టుక మన చేతిలో లేదు. చోటు కొంతవఱకైనను మన చేతిలోనిది. కట్ట తెగిన చెఱువును ఊరంతయు చూచును. వంక పూడిన చెఱువు ఎవరికిని తెలియకయే చచ్చును. కావున కట్టను కాచినంత శ్రద్ధగా వంకను గూడ కాచుకొనుడని పెద్దలకు నా మనవి.