పస్కా పండుగ

పస్కా యూదుల విమోచన పండుగ, హీబ్రూలో పేసహ్. నీసాను నెల పున్నమికి, మార్చి–ఏప్రిల్‌లలో వస్తుంది. ఐగుప్తులో ఫరోకు వెట్టి చేసిన ఇశ్రాయేలీయులు మోషే వెంట బయటపడిన కథ దీనికి మూలం. గడ్డి ఇవ్వకుండానే మునుపటి లెక్క ప్రకారం ఇటుకలు కోసి ఇవ్వమన్నాడట ఫరో.

ఆ ఇటుక సేదెర్ అనే పండుగ భోజనంలోనూ కనిపిస్తుంది. పళ్లు, గింజలు కలిపి నూరిన హరోసెత్ ఇటుకమట్టికి గుర్తు. పక్కన చేదుకూర, కన్నీళ్లకు బదులు ఉప్పునీళ్లు, పొంగని రొట్టె. పిండిలో నీళ్లు పడ్డ 18 నిమిషాల్లో ఆ రొట్టె కాల్చడం పూర్తవాలి. పిల్లలు ప్రశ్నలడిగితే పెద్దలు కథ చెబుతారు. దాన్ని తెలుగులో చెప్పాలంటే ‘వాళ్లు’ పనికిరాదు, ‘మేము’ కూడా చాలదు. ‘మనం బానిసలం’ అనాలి. పండుగ సారమంతా ఆ ‘మనం’లో ఉంది.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిములు ఈ కథను తమదిగా చెప్పుకుంటారు. వీరు మాదిగ కుటుంబాలవారు, లోగడ క్రైస్తవులు. యాకోబి సోదరుల చొరవతో 1991లో ఇక్కడ సమాజమందిరం వెలిసింది. తాము ఇశ్రాయేలీయుల్లోని ఎఫ్రాయిము గోత్రమని వీరి నమ్మకం. పరిశోధకులు యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వీరిపై పుస్తకం వెలువరించారు. వంశవృక్షం మాటెలా ఉన్నా, అంటరానితనం చవిచూసినవారికి చేదుకూర రుచి ఒకరు చెప్పాలా!

అమెరికాలోనూ ఈ కథను ఇతరుల కష్టాలకు అన్వయించారు. 1969 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో యూదు కార్యకర్త ఆర్థర్ వాస్కో నల్లవారి పోరాటాన్ని సేదెర్‌లోకి తెచ్చారు. తర్వాత ట్రూఆ అనే రబ్బీల సంస్థ ఫ్లోరిడా తోటకూలీల తరఫున సేదెర్ పళ్లెంలో టమాటా పెట్టమంది. మన దగ్గరైతే ఇటుకను మార్చే పనిలేదు. పశ్చిమ ఒడిశా కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తాయి. ఆ బాకీ తీరేదాకా కదలనివ్వని యజమానుల నుంచి అధికారులు కూలీలను విడిపించిన సందర్భాలు అనేకం. పస్కా నాటికి బట్టీల్లో పని ముమ్మరం.

ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం ప్రకారం, ఏడో ఏట దాసుణ్ని విడిచిపెట్టడం ఒక్కటే సరిపోదు. మందలోంచి, కళ్లంలోంచి ఇచ్చి పంపాలి, వట్టి చేతులతో పంపకూడదు. మన 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం బాకీని రద్దు చేసింది. చేతికి ఏదో ఒకటి ఇచ్చి పంపే పునరావాస పథకం 1978లో మొదలైంది. 2016 నుంచి ఆ సాయం లక్ష మొదలు 3 లక్షల రూపాయల దాకా ఉంది.