1033 పథకం: అమెరికా పోలీసుల చేతికి సైనిక సామగ్రి

అమెరికా సైన్యం దగ్గర మిగిలిపోయిన వాహనాలు, రైఫిళ్లు, ఇతర సామగ్రిని రాష్ట్ర, కౌంటీ, నగర పోలీసులకు అప్పగించే ఏర్పాటు పేరు 1033 పథకం. 1997 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టంలోని సెక్షన్ నంబరే పథకానికి పేరైంది. అంతకు ముందు 1990-91 చట్టంలోని 1208వ సెక్షన్ కింద మాదకద్రవ్యాల కట్టడికి మాత్రమే సామగ్రి ఇచ్చేవారు. 1033 దాన్ని అన్ని రకాల పోలీసు పనులకూ విస్తరించింది. ఇప్పటిదాకా చేతులు మారిన సామగ్రి విలువ, సైన్యం కొన్నప్పటి ధరల ప్రకారం, 700 కోట్ల డాలర్లకు పైమాటే.

అందులో ఎక్కువ భాగం దుస్తులు, పనిముట్లు, ఆఫీసు ఫర్నిచర్. కుర్చీల మీద ఎవరికీ అభ్యంతరం లేదు. గొడవంతా రైఫిళ్లు, రాత్రిపూట చూసే కళ్లద్దాలు, ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల కోసం తయారైన మందుపాతర నిరోధక వాహనాల మీదే. వీటి యాజమాన్యం రక్షణ శాఖదే. పోలీసులు రవాణా, నిర్వహణ ఖర్చులు పెట్టుకుంటే చాలు. తీసుకున్నదాన్ని ఏడాదిలోగా వాడుకలో పెట్టాలన్న నిబంధన ఉంది. అవసరం లేని చోట కూడా అవసరాన్ని వెతికించే నిబంధన ఇదని విమర్శకుల వాదన. ఉచితంగా రావడంలో ఇంకో చిక్కూ ఉంది: కొనుగోలైతే నగర కౌన్సిల్ బడ్జెట్‌లో తేలాలి, ఊరికే వచ్చేదానికి ఆ గడప తొక్కాల్సిన పని ఉండదు. ఆయుధం ఎంత పెద్దదన్న వాదన కంటే ఈ ప్రశ్నే లోతైనది.

సమర్థకులు మొదట ఎత్తేది నార్త్ హాలీవుడ్ ఘటన. 1997 ఫిబ్రవరి 28న ఇద్దరు బ్యాంకు దొంగలు ఒంటినిండా కవచాలతో, ఆటోమేటిక్ రైఫిళ్లతో కాల్పులకు దిగితే లాస్ ఏంజెలెస్ పోలీసుల పిస్టళ్లు పనిచెయ్యలేదు. కొందరు పోలీసులు దగ్గరలోని తుపాకుల దుకాణానికి వెళ్లి రైఫిళ్లు తెచ్చుకున్నారు. ఆ తర్వాత సైన్యం ఆ నగర పోలీసులకు 600 ఎం-16 రైఫిళ్లు ఇచ్చింది. 2016లో ఆర్లాండో నైట్‌క్లబ్ దాడిలో గోడను పగలగొట్టి లోపలివాళ్లను బయటికి తేవడానికి సాయుధ వాహనం అక్కరకొచ్చింది.

వివాదం దేశమంతా పాకింది 2014 ఆగస్టులో. మిస్సోరీ రాష్ట్రం ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి యువకుణ్ణి పోలీసు అధికారి కాల్చి చంపాక నిరసనకారుల ఎదుట సాయుధ వాహనాలు, వాటిపై నుంచి గురిపెట్టిన రైఫిళ్లు కనిపించాయి. నిజానికి వీటిలో చాలావరకు 1033 ద్వారా వచ్చినవి కావు. అంతర్గత భద్రతా శాఖ గ్రాంట్లతో కొనుక్కునే దారి వేరే ఉంది. చర్చలో ఆ సంగతి తరచూ మరుగున పడుతుంది. 2015లో ఒబామా ప్రభుత్వం గొలుసుచక్రాల సాయుధ వాహనాలు, గ్రెనేడ్ లాంచర్లు, బయొనెట్లు ఇవ్వడాన్ని నిషేధించింది. 2017 ఆగస్టులో ట్రంప్ దాన్ని రద్దు చేశారు. 2022 మేలో బైడెన్ మళ్లీ ఆంక్షలు పెట్టారు. 2025లో తిరిగొచ్చిన ట్రంప్ వాటినీ తీసేసి, పోలీసులకు మిగులు సామగ్రిని పెంచమన్నారు.

పరిశోధనలూ ఒక మాట మీద లేవు. సామగ్రి అందిన చోట నేరాలు తగ్గాయని 2017లో ఆర్థికవేత్తలు కొందరు తేల్చారు. అదే ఏడు నాలుగు రాష్ట్రాల కౌంటీలను పరిశీలించిన మరో బృందానికి, సామగ్రి ఎక్కువున్న చోట పోలీసు కాల్పుల మరణాలూ ఎక్కువగా కనిపించాయి. 2020 చివర్లో వెలువడిన రెండు అధ్యయనాలు పాత లెక్కల్లోని తప్పులు ఎత్తిచూపి, నేరాలు తగ్గాయనడానికి ఆధారం లేదన్నాయి. లెక్కల తీరు ఎలా ఉందో 2017లోనే బయటపడింది: ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం ఉనికిలోనే లేని ఒక పోలీసు సంస్థ పేరుతో దరఖాస్తు పెట్టి, సుమారు 12 లక్షల డాలర్ల సామగ్రి తెచ్చుకుంది.

స్థానికంగా కొన్ని ఊళ్లు ముందే కదిలాయి. కాలిఫోర్నియాలోని డేవిస్ నగర కౌన్సిల్ 2014లో తమ పోలీసులకు వచ్చిన మందుపాతర నిరోధక వాహనాన్ని వదిలించుకోమంది. 2021లో ఆ రాష్ట్రం చేసిన ఏబీ 481 చట్టం ప్రకారం, ఉచితంగా వచ్చినా డబ్బిచ్చి కొన్నా సైనిక సామగ్రికి ఎన్నికైన పాలకమండలి బహిరంగ సమావేశంలో ఆమోదం ఉండాలి, ఏటా వాడకంపై నివేదిక రావాలి. పోలీసులకు మామూలుగా జారీచేసే ఆయుధాలకు మినహాయింపు ఉంది. ఏఆర్-15 తరహా రైఫిల్ ఆ మినహాయింపులోకి వస్తుందా రాదా అన్నది అక్కడ కొత్త తగవు.