ఒక్క మనిషి తప్పు

ప్రమాదం జరగగానే యాజమాన్యం ఒక మనిషి కోసం వెతుకుతుంది. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు వేలమందిని బలిగొన్న తరువాత యూనియన్ కార్బైడ్ చెప్పినదేమిటి? అసంతృప్తితో వున్న కార్మికుడొకడు కావాలనే ట్యాంకులోకి నీరు ఎక్కించాడని! ఆ ట్యాంకును చల్లగా వుంచవలసిన శీతలయంత్రాన్ని ఆ జూన్‌లోనే యాజమాన్యం ఆపివేసిన సంగతి ఆ కథలో లేదు.

అదే కథ 2017లో అమెరికాలో తిరిగి వినవచ్చింది. అట్లాంటాలో 1899లో పుట్టిన ఈక్విఫాక్స్ కంపెనీ వ్యాపారం జనం అప్పుల చిట్టాలు సేకరించి బ్యాంకులకు అమ్మటం. చిట్టా కెక్కినవారి అనుమతి ఎవరూ అడగరు. ఆ చిట్టాలనుంచి దాదాపు 14 కోట్ల 70 లక్షల మంది పేర్లు, పుట్టిన తేదీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు దొంగల పాలైనవి.

అక్టోబరు 3న, వారం కిందటే పదవీ విరమణ చేసిన కంపెనీ అధిపతి రిచర్డ్ స్మిత్ కాంగ్రెసు ఉపసంఘం ముందుకు వచ్చాడు. లోపమున్న అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేరును సరిచేయమన్న కబురును ఒక వ్యక్తి అందించలేదని, తనిఖీ యంత్రం కూడా విఫలమైందని సంజాయిషీ ఇచ్చాడు. ఆ ముందురోజే ఒక సీనియర్ వైస్ ప్రెసిడెంటును కంపెనీ తొలగించింది. మార్చి 9 నాటి ఈమెయిలును అతడు కిందివారికి పంపలేదట. అది చేరినది 430 మందికి! అధిపతిది విరమణ, ఇతనిది తొలగింపు. ఇతడేమీ కూలివాడు కాడు, పెద్ద జీతగాడే. ఇతని కోసం కన్నీరు కార్చమని పాఠకులను కోరటంలేదు. కాని పద్ధతిని గమనించాలి.

ప్రతినిధుల సభ పర్యవేక్షక సంఘం 2018 డిసెంబరు నివేదికలో అసలు సంగతి వున్నది. స్మిత్ హయాంలో 18 కంపెనీలను కొని కలిపారు. దాడికి లోనైన వ్యవస్థ 1970ల నాటిది. ఏ యంత్రంలో ఏ సాఫ్ట్‌వేరు వున్నదో తెలిపే పూర్తి జాబితా లేదు. భద్రతాధికారి న్యాయశాఖ అధిపతి కింద, కంప్యూటర్లవారు వేరొకరి కింద. ఒక శాఖ ఆజ్ఞ మరొక శాఖలో అమలైందో లేదో చూచే నాథుడు లేడు. రాకపోకలను కనిపెట్టే పరికరం సర్టిఫికెట్టు గడువు తీరి 19 నెలలైనా మార్చలేదు. జూలై 29న మార్చారు, ఆనాడే దొంగతనం కంటబడింది. అప్పటికి దొంగలు రెండు నెలలకు పైగా లోపలే వున్నారు. గడువు తీరిన సర్టిఫికెట్లు మొత్తం 300కు పైగా వున్నవి. వాటన్నిటినీ ఒక్కడే మరచినాడా?

యీ దొంగతనం పూర్తిగా నివారించదగినదని సంఘం తేల్చింది. 2019లో కంపెనీ కనీసం 57 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించటానికి ఒప్పుకున్నది. నంబర్లు పోయినవారికి ఆ చిట్టాలనుంచి తప్పుకొనే దారి నేటికీ లేదు.