నేలకు దించిన కారు కథ



పాత మోటారుకారు ముందుభాగమును నేలకు దగ్గరగా దించుటను గూర్చి నేను ప్రసంగింపబూనగా, “ఇది మన కెందులకు?” అని మీలో కొందరు అడుగవచ్చును. ఇరుసు, కమాను, చక్రము అనునవి మన యెడ్లబండికిని జట్కాబండికిని క్రొత్తవి కావు. చేత సొమ్ము లేనివాడు కొలిమిని, తన బుద్ధిని నమ్ముకొని, ఉన్న వస్తువును తనకు వలసినట్లు మలచుకొనుటయు మన పల్లెలకు క్రొత్త కాదు. కథ జరిగినది మాత్రము దూరదేశమున, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున. అచ్చట నది ఒక శాసనమునకును, అరువదియేండ్లకు మించిన తగవునకును దారితీసెను.

1908లో హెన్రీ ఫోర్డు ‘మోడల్ టి’ యను కారును వెలువరించెను. ఆనాడు అమెరికాలోని పల్లెబాటలు వానకాలమున బురదగుంటలు. అందుచే ఆ కారు నేలకు ఎత్తుగా నిర్మింపబడెను. దాని ముందుభాగమున, ఒక చక్రమునుండి మఱియొక చక్రమువఱకు ఒకే యినుప ఇరుసు. దానిపై అడ్డముగా నమర్చిన ఒకే కమాను. 1927లో వచ్చిన ‘మోడల్ ఎ’ యందును, 1932లో వచ్చిన ఎనిమిది సిలిండర్ల కారునందును ఈ యమరికయే నిలిచెను. 1949వ సంవత్సరపు నమూనాతో గాని ఫోర్డు దానిని విడువలేదు. మోడల్ టి కార్లు కోటియేబది లక్షలకు పైగా తయారైనవి. కావున పాతబడిన ఫోర్డుకార్లు మిక్కిలి చౌకగా దొరకుచుండెను. బీద యువకుల చేతికి అందిన కారు అదియే.

లాస్ ఏంజిలీసు నగరమునకు ఉత్తరమున మొహావీ ఎడారి కలదు. అందు మ్యూరాక్ అను ఎండిన సరస్సు నేల అద్దమువలె చదునుగా నుండును. 1930ల నాటికే యువకులు తమ పాతకార్లను అచ్చటికి తెచ్చి వేగమును పరీక్షించుకొనుచుండిరి. 1937లో వారి సంఘములు కలిసి దక్షిణ కాలిఫోర్నియా కాలపరీక్షా సమాఖ్యగా నేర్పడెను. రెండవ ప్రపంచయుద్ధము నాటికి మ్యూరాక్ సైన్యము వశమయ్యెను. తరువాత పందెములు ఎల్ మిరాజ్ అను మఱియొక ఎండుసరస్సునకు మారెను.

కారు ఎత్తుగా నున్నచో ఎదురుగాలి యెక్కువగా తగులును. మలుపులో అది ప్రక్కకు ఒరగును. గడ్డి ఎత్తుగా వేసిన బండి వాలుదారిలో బోర్లపడుట మీరెఱిగినదే. బరువు ఎంత క్రిందనున్న అంత నిలకడ. కారును దించవలెనని వారు తలచుటకు కారణమిదియే. చూపునకు అందముగా నుండుననుటయు మఱియొక కారణము, దానిని దాచనక్కఱలేదు.

క్రొత్త సామాను కొనుటకు సొమ్ము లేదు. అందుచే వారు ఇరుసునే వంచిరి. ఇరుసును విప్పి, రెండు కొనలను కొలిమిలో ఎఱ్ఱగా కాల్చి, మీదికి వంచెడివారు. చక్రములు యథాస్థానముననే యుండును. కొనలు మీదికి లేచినకొలది ఇరుసు నడుమభాగము నేలకు దిగును. దానితో కమానును, దానిపై కారును దిగును. ఇట్లు రెండు మూడంగుళములు దించుట పరిపాటి. శాన్ డియాగో నగరమున ఎడ్ స్టూవర్టు అనునతడు ఈ పనియందు మిక్కిలి పేరుపొందెను. మఱికొందరు కమాను ప్రధానపట్టె చెవులను తలక్రిందులుగా చుట్టించి ఇంకొక యంగుళము దించిరి. కొందరు పట్టెలనే తీసివేసిరి. ఇది అన్నిటికంటె చౌక. కాని పట్టెలు తగ్గిన కమాను గుంటలో పడినప్పుడు పూర్తిగా అణగి, ఇనుము ఇనుమునకు కొట్టుకొనును.

ఇరుసు వంచుట కమ్మరిపని యైనను తేలికపని కాదు. కాలిన ఉక్కును వెంటనే నీట ముంచినచో అది పెళుసెక్కి, యొకనాడు దారిలో విఱుగును. దానిని మెల్లగా చల్లారనీయవలెను. రెండు కొనలును సరిసమానముగా వంగవలెను. చక్రము తిరుగు నిలువుచీల ఒకింత వెనుకకు వాలియుండును. ఆ వాలు చెడినచో స్టీరింగు వదలినంతనే కారు అటునిటు పోవును. రెండు చక్రములను జోడించు కడ్డీ క్రొత్త ఎత్తులో దేనికిని తగులకుండునట్లు దాని చేతులనుకూడ వంచవలెను. దించినది మూడంగుళములే యైనను, సరిచూడవలసినవి అనేకము.

యుద్ధానంతరము కథ మఱియొక త్రోవ పట్టెను. తూర్పు లాస్ ఏంజిలీసున మెక్సికో మూలముగల కుటుంబముల యువకులు పాత షెవర్లే కార్లను కొని దించిరి. వేగము వారి కోరిక కాదు; నేలకు ఆనినట్లు మెల్లగా, ఠీవిగా వీధిలో సాగుట వారి కోరిక. వీరినే ‘లోరైడర్లు’ అందురు. మొదట వారు చేసినది మిక్కిలి సులభమైన ఉపాయము: వెనుక పెట్టెలో ఇసుక బస్తాలో, సిమెంటు బస్తాలో వేయుట. తరువాత ముందున్న చుట్టస్ప్రింగులను కోసిరి. లేదా మంటతో కాల్చి క్రుంగజేసిరి. ఇందొక విచిత్రము కలదు. చుట్టలు తగ్గినకొలది స్ప్రింగు మెత్తబడదు, మఱింత గట్టిపడును. కోత మితిమీరినచో చక్రము గుంటలో దిగినప్పుడు అది తన స్థానమునుండి వదులగును. ఇక కాల్చిన స్ప్రింగు పదును కోల్పోవును. ఒక ప్రక్క ఎక్కువ, మఱియొక ప్రక్క తక్కువ క్రుంగును. ఖర్చు లేదన్నమాటయే గాని, ప్రాణమునకు హామీ లేదు.

1958 జనవరి 1 నుండి కాలిఫోర్నియాలో ఒక శాసనము అమలులోనికి వచ్చెను. మార్చబడిన కారులో ఏ భాగమును చక్రపు ఇనుపకట్టు అడుగుకంటె క్రిందుగా నుండరాదని దాని యాజ్ఞ. ఇందొక న్యాయము కలదు: టైరు పగిలి గాలి పోయినచో కారు ఇనుపకట్టుపై నిలుచును; దానికంటె క్రిందనున్న భాగము రోడ్డును రాచుకొని, కారు అదుపు తప్పును. కాని ఆ శాసనము పేరున పోలీసులు తమనే ఎంచి ఆపుచున్నారని లోరైడర్లు మొఱపెట్టుకొనిరి. న్యాయమైన కొలతయు ఒక వర్గముపైననే ప్రయోగింపబడినచో అన్యాయముగా తోచుట సహజము.

ఆ శాసనమునకు జవాబు మఱుసటి యేడే వచ్చెను. 1959లో రాన్ అగిర్రీ అనునతడు నూనెఒత్తిడితో పనిచేయు పంపులను, కవాటములను తన కార్వెట్ కారునకు బిగించెను. అట్టి పంపులు విమానముల మిగులుసామానులో దొరకుచుండెను. మీట నొక్కిన కారు దిగును. మరల నొక్కిన లేచును. పోలీసు కనబడినంతనే కారు శాసనబద్ధమగును! పిమ్మట 1980లలో, వీధులలో ఒకేచోట మరల మరల కారు నడుపుట నిషేధించు అధికారము నగరములకు లభించెను. తగవు ముదిరెను. తుదకు 2023లో ఆ రాష్ట్ర శాసనసభ ఈ రెండు నిషేధములను తొలగించెను. ఆ మార్పు 2024 జనవరి 1న అమలులోనికి వచ్చెను. ఒకప్పుడు నేరమునకు గుర్తుగా చూడబడిన ఈ కళకు, వాషింగ్టనులోని జాతీయ చరిత్ర ప్రదర్శనశాలయందును చోటు లభించినది. న్యూమెక్సికోలోని చిమాయో అను ఊరినుండి వచ్చిన 1969 నాటి ఫోర్డుకారు ఆ ప్రదర్శనశాల సంపదలో చేరినది.

మన దేశమున సంగతి వేఱు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. మీ యింటి పడుచువారికి ఇట్టి ఉబలాటము పుట్టినచో ముందుగా ఈ మాట చెవిని వేయుడు.

ఈ చరిత్రనుండి నేను గ్రహించినది ఒక్కటి. పొదుపు రెండు విధములు. వస్తువు స్వభావమెఱిగి, కొలిమియందు ఓర్పుతో నిలిచి, వంగిన ప్రతిభాగమును సరిచూచువాని పొదుపు విద్య. మంట పెట్టి క్రుంగజేసి, అయినదనుకొనువాని పొదుపు అప్పు. దానిని దారిలో ఎవడో యొకడు తన ప్రాణముతో తీర్చవలసివచ్చును. దించుటకు ముందు ఇరుసు నెఱిగినవాడే బీదతనమును జయించినవాడని నా యభిప్రాయము.