ఏడు ఊళ్ల లెక్క చేసిన డి.ఎన్.ఎ.

బరంపురంలో బయలుదేరి ఛత్రపురం, గోపాలపూర్, హింజిలికాటు, ఆస్కా, దిగపహండి అన్నీ చూసుకొని భంజనగర్ చేరాలి. ఏ ఊరికీ రెండోసారి వెళ్లకూడదు. రోడ్లన్నీ వన్‌వే అనుకోండి. అలాంటి దారి ఉందా, లేదా? మధ్యలో 5 ఊళ్లే కాబట్టి వరసలు 120, ఓపికుంటే నోటుబుక్కులో రాసేయొచ్చు. అదే మధ్యలో 18 ఊళ్లుంటే వరసల సంఖ్య 6 పక్కన ఇంకో 15 అంకెలు! ఊళ్లు పెరిగేకొద్దీ కంప్యూటరు కూడా చేతులెత్తేస్తుంది. దీన్ని హామిల్టన్ దారి లెక్క అంటారు.

ఈ లెక్కనే అమెరికాలో లెనార్డ్ ఆడిల్‌మన్ పరీక్షనాళికలో చేశాడు. 1994 నవంబరులో 'సైన్స్' పత్రికలో అచ్చయింది. ఈయన కంప్యూటర్ శాస్త్రవేత్త. రహస్య సందేశాల ఆర్.ఎస్.ఎ. పద్ధతిలో 'ఎ' ఈయన పేరే. జీవశాస్త్ర పుస్తకం చదువుతుంటే, డి.ఎన్.ఎ.కి నకలు తీసే ఎంజైము ఒక్కో అక్షరం చదువుతూ ఒక్కో అక్షరం రాస్తోందని ఆయనకి తట్టింది. 1936లో ట్యూరింగ్ ఊహించిన యంత్రం చేసేదీ ఇంచుమించు అదే పని.

ఆయన పటంలో 7 ఊళ్లు, 14 వన్‌వే దారులు. ఒక్కో ఊరికి ఎ, టి, జి, సి లతో 20 అక్షరాల పేరు పెట్టాడు. దారికి మొదటి ఊరి పేరులో చివరి 10 అక్షరాలు, రెండో ఊరి పేరులో మొదటి 10. ఎ టితోనే, జి సితోనే జతకడుతుందని మనం పాఠంలో చదివాం కదా. అందుకని ఊరి పేరుకి జత ముక్క వేస్తే, అది రెండు దారుల కొసలు పట్టుకొని పక్కపక్కన నిలబెడుతుంది. లైగేజ్ అనే ఎంజైము వాటిని అతికిస్తుంది. ఒక్క చుక్కలో కోట్లకొద్దీ ముక్కలు ఒకేసారి కలుస్తాయి, అంటే దారులన్నీ ఒకేసారి తయారు! నాకు బాగా నచ్చింది ఇదే.

జవాబు ఏరడమే కష్టం. మొదలు, చివర సరైనవాటినే పి.సి.ఆర్.తో పెంచాడు. జెల్‌లో నడిపించి 140 అక్షరాల పొడవున్నవి తీశాడు (7 ఊళ్లు, ఊరికి 20). తర్వాత అయస్కాంత పూసలకి జత ముక్కలు తగిలించి, ఒక్కో ఊరూ ఉందో లేదో చూసి ఏరాడు. చివర్లో డి.ఎన్.ఎ. మిగిలింది, కాబట్టి దారి ఉంది. ఈ పనికి 7 రోజులు పట్టింది.

మనం అయితే కాగితం మీద నిమిషంలో చేస్తాం అని నవ్వొచ్చు. అంతకన్నా పెద్ద చిక్కు హార్ట్‌మానిస్ అనే ఆయన చూపించాడు. ఈ పద్ధతిలో 200 ఊళ్లకి కావలసిన డి.ఎన్.ఎ. భూమి కంటే బరువు తూగుతుందట! అయినా ఆడిల్‌మన్ వదల్లేదు. 2002లో ఆయన బృందం 20 చరరాశుల లెక్క చేసింది. పది లక్షలకి పైగా, అంటే 10,48,576 అవకాశాల్లోంచి సరైన ఒక్కదాన్ని డి.ఎన్.ఎ.తోనే పట్టుకున్నారు.